ఎకరం ఇరవై గుంటలు: అరుగు మీది మాట కంప్యూటర్‌లో అంకెగా మారే దారి

సిద్దిపేట జిల్లా వర్గల్‌లో ఒక ఇంటి ముందు అరుగు అనుకుందాం. సర్వే కోసం వచ్చిన అమ్మాయి చేతిలో టాబ్ ఉంది. అరుగు మీద ఓ పెద్దావిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "అవ్వా, మీకు భూమి ఎంతుంది?" అని అడిగింది అమ్మాయి. "ఎకరం ఇర్వై గుంటలు బిడ్డా" అంది అవ్వ. అమ్మాయి టాబ్‌లో 1.20 అని కొట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

అవ్వ నిజమే చెప్పింది. అమ్మాయి విన్నదే రాసింది. పాసుపుస్తకాల్లో, పహాణీల్లో కూడా అలాగే రాస్తారు. అయినా ఆ ఒక్క నిమిషంలో అవ్వ భూమిలో పన్నెండు గుంటలు మాయమయ్యాయి.

ఎలాగో చూద్దాం. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు. కాబట్టి ఎకరం ఇరవై గుంటలంటే ఎకరన్నర, మొత్తం 60 గుంటలు. కంప్యూటర్‌కు గుంట అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. దానికి చుక్క తర్వాత వచ్చేది పదోవంతులు, వందోవంతులు మాత్రమే. 1.20 అంటే ఒక ఎకరం, ఇంకో ఎకరంలో ఐదోవంతు. అది 48 గుంటలు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎక్సెల్ వంటి పట్టికల్లో చివరి సున్నాకు విలువ లేదు. 1.20 అని కొట్టినా 1.2 అనే చూపిస్తుంది. నెల తర్వాత ఆ పట్టిక తెరిచిన మనిషి దాన్ని "ఎకరం రెండు గుంటలు" అని చదువుకునే వీలుంది. అప్పుడు మాయమైనవి పద్దెనిమిది గుంటలు. అదే 1.20 ఆంధ్రప్రదేశ్‌లో రాస్తే ఎకరం ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి వంద సెంట్లు కాబట్టి కంప్యూటర్ లెక్క సరిగ్గానే వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఒకే ఫారంతో సర్వే చేస్తే ఒకే నిలువు వరుసలో ఒకే అంకెకు రెండు అర్థాలుంటాయి. ఆ వరుసను చూసి ఎవరూ అనుమానించరు. అంకెలన్నీ శుభ్రంగానే ఉంటాయి.

పరిశోధనలో కంప్యూటర్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్నది అర్థం కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కాబట్టి ఈ అవ్వ భూమి వెంటే ఇంకొంచెం దూరం వెళ్దాం.

ఒక రైతుకు మూడు ముక్కలున్నాయి అనుకోండి. ఒకటి 30 గుంటలు, ఒకటి ఎకరం 20, ఒకటి 35 గుంటలు. ఫారంలో 0.30, 1.20, 0.35 అని పడ్డాయి. నోటిలెక్కన కూడితే 125 గుంటలు, అంటే మూడెకరాల ఐదు గుంటలు. కంప్యూటర్ కూడితే 1.85 ఎకరాలు. ఇక ఈ రైతుకు 60 క్వింటాళ్ల వడ్లు పండాయనుకుందాం. నిజంగా ఎకరాకు వచ్చింది 19 క్వింటాళ్ల చిల్లర. కంప్యూటర్ చెప్పేది 32 క్వింటాళ్ల పైచిలుకు. భూమి తగ్గిన మేరకు దిగుబడి పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఈ తప్పు అందరి మీదా సమానంగా పడదు. పదెకరాల ఐదు గుంటలున్న ఆసామి లెక్కలో 10.05 అని పడుతుంది. సరైనది 10.125. తేడా వందకు ఒకటి కూడా లేదు. ముప్పై గుంటలే ఉన్న రైతుకు 0.30 అని పడుతుంది. సరైనది 0.75. అతని దిగుబడి రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. భూమి చిన్నదయ్యే కొద్దీ తప్పు పెద్దదవుతుంది. ఈ పట్టికను చూసిన పరిశోధకుడు చిన్న రైతులు ఎకరాకు ఎంతో ఎక్కువ పండిస్తున్నారని రాస్తాడు.

మన దేశంలో ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. చిన్న కమతాల్లో ఎకరా దిగుబడి ఎక్కువగా ఉంటుందా అన్న చర్చ 1960ల నుంచి నడుస్తోంది. 1962లో అమర్త్యసేన్ దాని మీద వ్యాసం రాశాడు. ఆ చర్చకు సొంత ఆధారాలున్నాయి. అది గుంటల పొరపాటు వల్ల పుట్టింది కాదు. అయితే ఆ చర్చలో దిగే కొత్త సర్వే ఏదైనా ముందు తన భూమి వరుసను పరీక్షించుకోవాలి. కొలతలోని తప్పు పొలంలోని నిజంలా వేషం వేసుకుని వచ్చే చోటు ఇది.

దీనికి మందు చాలా చవక. ఫారంలో ఒక గడి బదులు రెండు గడులు పెట్టాలి, ఒకటి ఎకరాలకు, ఒకటి గుంటలకు. గుంటల గడిలో 39కి మించిన అంకె పట్టకుండా కట్టడి పెట్టాలి. ఎకరాలను నలభైతో హెచ్చించి గుంటలు కలిపే పని కంప్యూటర్‌కు అప్పజెప్పాలి. ఆ పనిలో అది ఎప్పుడూ తప్పు చేయదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తెలంగాణ ఇళ్లకు ప్రశ్నలు రావడం ఎక్కువైంది. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు సెలవు ఇచ్చారు. వలస పోయినవాళ్లు బస్సులు పట్టుకుని సొంతూళ్లకు వచ్చి ఇంట్లో కూర్చున్నారు. 2024 నవంబర్‌లో ఇంటింటి కులసర్వే మొదలైంది. రెండుసార్లూ ముందు కాగితం మీద రాసి, తర్వాత ఆపరేటర్లు కంప్యూటర్లలోకి ఎక్కించారు. 2021లో జరగాల్సిన జనగణన కొవిడ్ వల్ల వాయిదా పడి 2027కు చేరింది. ఈసారి లెక్కించేవాళ్లు మొబైల్ యాప్‌లోనే వివరాలు నింపాలన్నది నిర్ణయం. కోరుకున్న కుటుంబం తన వివరాలు తానే నింపుకునే ఏర్పాటు కూడా ఉంది. మన దేశ జనగణన కాగితం నుంచి యాప్‌కు మారడం ఇదే మొదటిసారి.

కాగితానికీ టాబ్‌కూ మధ్య తేడా వేగం ఒక్కటే అనుకుంటాం. అసలు తేడా వేరే చోట ఉంది.

కాగితం ఫారం ఏది రాసినా ఒప్పుకుంటుంది. తల్లి వయసు 30, కొడుకు వయసు 28 అని రాసినా మాట్లాడదు. ఆ తప్పు మూడు నెలల తర్వాత ఆఫీసులో ఎవరికో కనబడుతుంది. అప్పటికి అడిగిన మనిషి వెళ్లిపోయి ఉంటాడు. టాబ్ ఫారం అక్కడికక్కడే ఆగుతుంది. "తల్లి వయసు సరిచూడండి" అంటుంది. అవ్వ ఇంకా ఎదురుగానే ఉంది కాబట్టి మళ్లీ అడగవచ్చు. భూమి లేదన్న ఇంటికి పంటల ప్రశ్నలు తెర మీదికే రావు. ప్రతి ప్రశ్న ఏ నిమిషంలో మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది దానంతటదే నమోదవుతుంది. నలభై నిమిషాలు పట్టాల్సిన ఫారం ఆరు నిమిషాల్లో పూర్తయితే పైఅధికారికి తెలుస్తుంది. జీపీఎస్ (ఉపగ్రహాల సాయంతో స్థలాన్ని గుర్తించే పద్ధతి) ఉంటే ఫారం నింపింది అవ్వ ఇంటి దగ్గరా, బస్టాండులోనా అన్నదీ తెలుస్తుంది. ఊళ్లో సిగ్నల్ లేకపోయినా పని ఆగదు. వివరాలు టాబ్‌లోనే ఉండి, గౌరారం దగ్గర రాజీవ్ రహదారి మీదికి వచ్చి సిగ్నల్ అందగానే సర్వర్‌కు (అందరి వివరాలూ చేరే కేంద్ర కంప్యూటర్‌కు) వెళ్తాయి. ఇలాంటి ఫారాలను ఎవరైనా ఉచితంగా తయారు చేసుకునేలా అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2008లో ఓడీకే అనే పరికరాన్ని మొదలుపెట్టారు. ఈరోజు పరిశోధన సంస్థలు వాడే సర్వే యాప్‌లలో అనేకం ఆ కుటుంబానికి చెందినవే.

కట్టడి ఎక్కువైతే మాత్రం కొత్త తప్పు పుడుతుంది. నెల ఆదాయం గడిలో సున్నా పట్టదు అని ఎవరో హైదరాబాద్‌లో కూర్చుని నిర్ణయించారు అనుకోండి. వర్గల్‌లో ఆ నెల నిజంగానే పైసా రాని ఇల్లు ఉంది. ఫారం ముందుకు కదలాలి కాబట్టి అమ్మాయి 1 అని కొడుతుంది. ఇంకో ఊళ్లో ఇంకొకరు 100 అని కొడతారు. కాగితమైతే మార్జిన్‌లో "ఈ నెల ఏమీ రాలేదు, వానలు లేవు" అని రాసేవారు. ఆ మార్జిన్ పోయింది. అందుకే అనుభవం ఉన్న బృందాలు హెచ్చరించే కట్టడి ఎక్కువగా, ఆపేసే కట్టడి తక్కువగా పెడతాయి. ప్రతి పేజీ చివర ఏదైనా రాసుకునే గడి ఒకటి వదులుతాయి.

కంప్యూటర్ పట్టుకోగలిగీ దిద్దలేని తప్పు వయసు. పెద్దవాళ్లను వయసు అడిగితే అరవై అంటారు, లేదా అరవై అయిదు అంటారు. అరవై మూడు అనేవాళ్లు తక్కువ. జనాభా లెక్కల్లో సున్నాతో, ఐదుతో ముగిసే వయసుల దగ్గర అంకెలు కుప్ప పడతాయి. కుప్ప ఎంత పెద్దదో కంప్యూటర్ చిటికెలో చెబుతుంది. అవ్వ నిజమైన వయసు మాత్రం చెప్పలేదు. అది కావాలంటే "ఇందిరాగాంధీ చనిపోయిన ఏడు నీకు పెండ్లయిందా అవ్వా? పెద్దోడు పుట్టిండా?" అని అడగాలి. 1984ను మేకులా దిగ్గొట్టి అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ లెక్కపెట్టాలి. ఇది పాత పద్ధతి. ఇప్పటికీ దీన్ని మించింది రాలేదు.

ఆ మాటకొస్తే, కంప్యూటర్ అన్నదే ఒకప్పుడు మనిషి చేసే ఉద్యోగం పేరు. గణాంక సంస్థల్లో చేత్తో తిప్పే లెక్కల యంత్రాల ముందు వరసగా కూర్చుని కూడికలు, హెచ్చవేతలు చేసేవాళ్లను అలా పిలిచేవారు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ అట్టముక్కల మీద రంధ్రాలు పొడిచి, ఆ రంధ్రాలను యంత్రంతో లెక్కించాడు. మనవాడు, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లినప్పుడు ఆయన పని సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం. ఒక్కో పుర్రెకు ఎన్నో కొలతలు. వాటన్నిటినీ కలిపి ఏ గుంపు ఏ గుంపుకు దగ్గర అని తేల్చే లెక్క అంతా చేతి యంత్రాల మీదే సాగింది. ఈరోజు ఆ లెక్క ఫోన్‌లో క్షణంలో అయిపోతుంది. కొలతలు తీయడానికి పట్టే ఓపిక మాత్రం ఇప్పటికీ అంతే కావాలి.

ఆ ఓపిక ఏమివ్వగలదో చూపించే గొప్ప ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. పాత మెదక్ జిల్లాలోని పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ (మెట్ట ప్రాంతాల పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) ఏర్పడింది. మూడేళ్ల తర్వాత, 1975లో, అక్కడి ఆర్థికవేత్తలు ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురేపల్లి, దోకూరు అందులో ఉన్నాయి. మిగతా నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల్లోవి. ఊరికి నలభై ఇళ్లు. పది భూమి లేనివి. మిగతా ముప్పైలో చిన్న, మధ్యస్థ, పెద్ద రైతులు పదేసి మంది. మొత్తం 240 ఇళ్లు.

పని తీరు గమనించండి. వివరాలు సేకరించేవాళ్లు పొద్దున వచ్చి సాయంత్రం పోలేదు. ఆ ఊళ్లోనే కాపురం ఉన్నారు. కొన్ని వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి అవే ప్రశ్నలు అడిగారు. ఈ మధ్య ఎన్ని రోజులు కూలికి పోయారు, ఏం అమ్మారు, ఏం కొన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఎద్దు చచ్చిందా, పెళ్లి చేశారా. మొదటి దశ పదేళ్లు, 1985 దాకా నడిచింది. 2001లో మళ్లీ మొదలుపెట్టారు. 2009 తర్వాత తూర్పు భారతానికీ, బంగ్లాదేశ్‌కూ విస్తరించారు.

ఒక్కసారి అడిగి వదిలేసిన సర్వేను ఫొటో అనుకుంటే, ఇది సినిమా. ఈ కరువు సీజన్‌లో రామయ్య ఇంట్లో ఆదాయం సగానికి పడిందని తెలిస్తే సరిపోదు. మరుసటి నెల ఆ ఇంట్లో తిండి కూడా సగానికి పడిందా అన్నది తెలియాలి. అదే ఇంటికి మళ్లీ వెళ్తేనే అది తెలుస్తుంది.

రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో సరిగ్గా ఈ ప్రశ్నే అడిగాడు. అవురేపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల వివరాలు తీసుకున్నాడు. ప్రతి ఇంటికీ ఏటేటా ఆదాయం ఎంత, వాడకం ఎంత అని వరసలు పేర్చాడు. కంప్యూటర్‌ను అడిగింది ఇది: ఒక ఇంటి వాడకం ఏటేటా దేని వెంట నడుస్తోంది, ఆ ఇంటి సొంత ఆదాయం వెంటా, ఊరి సగటు వాడకం వెంటా? వచ్చిన జవాబు చాలావరకు ఊరి సగటు వెంటే అని. ఒక ఇంటికి దెబ్బ తగిలితే ఆ ఇంటి ముద్ద అంతగా తగ్గలేదు. చేబదులు, అప్పు, అమ్మకం, చుట్టాలు, ఏదో ఒక దారి ఆదుకుంది. ఊరంతటికీ దెబ్బ తగిలినప్పుడు అందరి ముద్దా తగ్గింది. ఊళ్లవాళ్లకు ఇది కొత్త కాకపోవచ్చు. అయితే ఎంతవరకు ఆదుకుంటుంది, ఎక్కడ ఆగిపోతుంది అని అంకెల్లో చూపడం కొత్త. పంటల బీమా ఎవరికోసం, ఎలాంటి ఏడాది కోసం ఉండాలి అన్న ఆలోచనకు అది నేరుగా పనికొస్తుంది. మూడింటిలో ఒక ఊళ్లో భూమి లేని ఇళ్లకు ఈ రక్షణ అంత బాగా అందలేదన్న సూచన కూడా ఆ లెక్కల్లో ఉంది.

ఈ లెక్క చేత్తో చేయలేరు. అయితే కంప్యూటర్ వచ్చింది కాబట్టే ఇది సాధ్యమైంది అనడమూ సగం మాటే. పదేళ్లు ఊళ్లో ఉండి అడిగినవాళ్లు లేకపోతే కంప్యూటర్‌కు నమలడానికి గింజే లేదు.

అదే ఇంటికి మళ్లీ వెళ్లడం అన్నాం. అదే ఇల్లు అని కంప్యూటర్ ఎలా గుర్తుపడుతుంది? పేరుతోనా?

సిద్దిపేట జిల్లాలో పేరుతో గుర్తుపట్టడం కష్టం. కొమురవెల్లి మల్లన్న మొక్కు తీరి పుట్టిన మల్లయ్యలు, మల్లేశాలు, మల్లవ్వలు ఊరికి ఎంతమందో. లక్ష్మి ఒక జాబితాలో లక్ష్మమ్మ, ఇంకోదాంట్లో లచ్చవ్వ, ఆధార్‌లో ఇంటిపేరు ముందో వెనకో అతికిన ఇంకో రూపం. ఇద్దరు మల్లేశాలను కంప్యూటర్ ఒకరిగా కలిపేయవచ్చు. ఒక్క లచ్చవ్వను ఇద్దరిగా విడదీయవచ్చు. పరిశోధనలో ఇది జరిగితే ఒక పట్టిక కొంచెం మసకబారుతుంది. ప్రభుత్వ జాబితాలో జరిగితే ఆ ఇంటికి బియ్యం ఆగుతుంది. తెలంగాణలో 2016 తర్వాత రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటికి వెళ్లి సరిగా విచారించకుండా కంప్యూటర్ వడపోత మీద ఆధారపడి కార్డులు తీసేశారన్నది పిటిషన్‌లోని ఫిర్యాదు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పోలిక చెప్పడం యంత్రం పని. "ఈ ఇద్దరూ ఒకరే కావచ్చు" అని చెప్పడంతో దాని పని అయిపోవాలి. కాదో అవునో తేల్చడానికి ఎవరో తలుపు తట్టాలి.

ఊరికి కూడా ఇదే గుర్తింపు సమస్య ఉంది. 2011 జనగణనలో వర్గల్ మెదక్ జిల్లాలోది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. కొమురవెల్లి అంతకుముందు వరంగల్ జిల్లా. హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా. ఇవన్నీ కలిసి ఈనాటి సిద్దిపేట. ఎవరైనా 2011 నాటి మెదక్ అంకె పక్కన 2027 మెదక్ అంకె పెట్టి పోల్చితే జిల్లా జనం ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. మనుషులు ఎక్కడికీ పోలేదు, సరిహద్దు గీతే పక్కకు జరిగింది. ఈ చిక్కు తీరడానికి ఊరికి ఒక స్థిరమైన సంఖ్య కావాలి. 2011లో ప్రతి గ్రామానికీ ఆరంకెల సంకేతం ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఊళ్లను ఒక్కొక్కటిగా పాత జిల్లా నుంచి కొత్త జిల్లాకు మోసుకెళ్లాలి. విసుగు పుట్టించే పని. దాన్ని చేయకుండా గీసిన ఏ గ్రాఫ్‌నూ నేను నమ్మను.

తలుపు తట్టకుండా ఫోన్ చేస్తే సరిపోదా? కొన్ని ప్రశ్నలకు సరిపోతుంది. అందుకు మన రాష్ట్రంలోనే ఒక మంచి ప్రయోగం జరిగింది.

2018 మే 10న రైతులకు పెట్టుబడి సాయం ఇచ్చే రైతుబంధు పథకం మొదలైంది. అప్పట్లో ఎకరాకు సీజన్‌కు నాలుగు వేల రూపాయలు. మొదటి విడత చెక్కుల రూపంలో ఊళ్లలో పంచారు. చెక్కు అచ్చయిందని కంప్యూటర్‌లో ఉంది. రైతు చేతికి చేరిందా అన్నది రైతుకే తెలుసు. కార్తీక్ మురళీధరన్, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి ఒక పరీక్ష చేశారు. చీటీ తీసినట్టు కొన్ని మండలాలను ఎంచారు. అక్కడి వ్యవసాయ అధికారులకు ముందే చెప్పారు: పంపిణీ ఎలా జరిగిందో కాల్‌సెంటర్ నుంచి రైతులకే ఫోన్ చేసి కనుక్కుంటాం. మిగతా మండలాల అధికారులకు ఆ మాట చెప్పలేదు. తర్వాత రెండు రకాల మండలాల రైతులకూ ఫోన్లు వెళ్లాయి.

చీటీ తీయడం ఎందుకు అంటారా? అధికారులు ఇష్టపడి ఒప్పుకున్న మండలాలను తీసుకుంటే, అక్కడ పని ముందు నుంచే బాగుండి ఉండవచ్చు. చీటీ అలాంటి పక్షపాతాన్ని తీసేస్తుంది. రెండు గుంపుల మధ్య మిగిలిన తేడా ఆ ఒక్క మాట వల్ల వచ్చిందని చెప్పగలుగుతాం.

ఫలితం ఇది. ముందే చెప్పిన మండలాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతులకు చేరిన ప్రతి వంద రూపాయలకు అయిన ఖర్చు మూడు రూపాయల అరవై పైసలు. 57 లక్షల మంది రైతులకు సంబంధించిన పథకంలో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ కంప్యూటర్ చేసింది మూడు పనులు. జాబితా నుంచి పక్షపాతం లేకుండా పేర్లు తీసింది. ఫోన్ చేసిన వారి జవాబులు ఏ మండలానివో కలిపింది. తేడా యాదృచ్ఛికమా కాదా అని లెక్కగట్టింది. రైతును ఒక్క సూటి ప్రశ్న అడగాలన్న ఆలోచన మనుషులది.

ఫోన్‌కూ హద్దులున్నాయి. పట్టా అత్త పేరున ఉంటుంది, ఫోన్ కొడుకు జేబులో ఉంటుంది. జవాబు చెప్పేది కొడుకు. చవక రీచార్జి కోసం నంబర్లు మారుతుంటాయి. పదిమంది పేర్లకూ ఒకే నంబరు ఉన్న జాబితాలు ఉంటాయి. ఫోన్‌లో దొరికినవాళ్లు ఊరికి పూర్తి ప్రతినిధులు కారు. దొరకనివాళ్లు ఎక్కువగా పేదలు, ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మంది పిల్లల ఎదుగుదలను 2002 నుంచి గమనిస్తున్న యంగ్ లైవ్స్ అధ్యయనం 2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఫోన్ మీదికి మారింది. అది చేయగలిగిందంటే కారణం అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఆ ఇళ్లకు వెళ్లి, పరిచయం పెంచుకుని, నంబర్లు రాసిపెట్టుకోవడమే.

ఇక వివరాలన్నీ చేరాక జరిగే పని. పట్టికలో ఒక్కో అడ్డు వరుస ఒక్కో ఇల్లు. ఒక్కో నిలువు వరుస ఒక్కో ప్రశ్న. మొదటి వారం ఎవరూ గొప్ప సిద్ధాంతాలు పరీక్షించరు, ఊడుస్తారు. ఉదాహరణకు, జవాబు తెలియకపోతే 99 అని రాయడం చాలా సర్వేల్లో ఆనవాయితీ. పది ఇళ్లలో పిల్లల సంఖ్య ఇలా ఉంది అనుకోండి: 2, 3, 1, 2, 4, 2, 3, 2, 99, 2. తొమ్మిది ఇళ్ల సగటు రెండుకు కొంచెం పైన. ఆ 99ని తీయడం మరిచిపోతే సగటు పన్నెండు. ఇంటికి పన్నెండు మంది పిల్లలంటే ఎవరికైనా అనుమానం వస్తుంది కాబట్టి పట్టుకుంటారు. అదే 99 వడ్ల బస్తాల వరుసలో ఉంటే ఎవరూ పట్టుకోరు. తొంభై తొమ్మిది బస్తాలు పండే ఇళ్లు నిజంగా ఉన్నాయి.

ఇలాంటివి పల్లె సర్వేలకే పరిమితం అనుకోవద్దు. 2020 సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కొవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. కారణం పాత రకం ఎక్సెల్ ఫైలు. అందులో 65,536 వరుసలే పడతాయి. మిగతావి చప్పుడు లేకుండా తెగిపోయాయి. ఆ కొన్ని రోజులు ఆ రోగులను కలిసినవాళ్లకు హెచ్చరిక అందలేదు.

అందుకే మంచి పరిశోధకులు రెండు అలవాట్లు పాటిస్తారు. ఊరి నుంచి వచ్చిన మొదటి ఫైలును ముట్టుకోరు, దాని నకలు మీదే పని చేస్తారు. ప్రతి మార్పునూ చేత్తో కాకుండా రాతపూర్వక ఆదేశంగా (దీన్ని స్క్రిప్ట్ అంటారు) ఇస్తారు. ఐదేళ్ల తర్వాత వేరే ఎవరైనా ఆ ఆదేశాలను మొదటి ఫైలు మీద నడిపితే అదే జవాబు రావాలి. రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వరుస వరుసకూ వెతకవచ్చు. ఎక్సెల్ గడిలో చేత్తో దిద్దిన అంకెకు ఆ జాడ ఉండదు.

జవాబు చెప్పే ఇంటివాళ్లకు కూడా ఇందులో భాగం ఉంది. ఎవరు అడుగుతున్నారు, దేనికి, పేరు, ఫోన్ నంబరు ఎవరి దగ్గర ఉంటాయి అని అడగవచ్చు. పరిశోధన సర్వేలో ఇష్టం లేని ప్రశ్నకు చెప్పనని అనవచ్చు. పద్ధతి తెలిసిన బృందం పేర్లున్న ఫైలును, జవాబులున్న ఫైలును విడిగా దాచి, మధ్యలో ఒక సంఖ్యతో మాత్రమే ముడివేస్తుంది. వ్యక్తిగత డేటా రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది. పరిశోధనకు, గణాంకాలకు అందులో కొన్ని మినహాయింపులున్నాయి. కాబట్టి ఈ ముడి ఎంత జాగ్రత్తగా వేశారన్నది చాలావరకు ఆ బృందం మీదే ఆధారపడుతుంది. ఇంకో చిన్న పని కూడా చేయవచ్చు. చివర్లో "ఏం రాసుకున్నవో ఒకసారి చదువు బిడ్డా" అనాలి. అవ్వ ఆ మాట అని ఉంటే, అమ్మాయి "ఒకటి పాయింట్ రెండు" అని చదివి ఉండేది. గుంటలు అక్కడే బయటపడేవి.

వర్గల్‌కు పక్క మండలం ములుగు. ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల అక్కడున్నాయి. ఈ చుట్టుపక్కల కూరగాయల రైతుల మీద ఒక విద్యార్థిని సర్వే చేస్తోంది అనుకుందాం. భూమి వరుసను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చింది. 0.10, 0.20, 0.30, 0.35. ఆ తర్వాత 0.50.

ఆమె అక్కడ ఆగుతుంది. గుంటలు 39 దాటవు కదా. 0.50 రాసినవాళ్ల మనసులో గుంటలు లేవు, అరెకరం ఉంది. లేదా రెండు ముక్కల గుంటలు కలిపి యాభై అని రాశారు. మొదటిదైతే ఇరవై గుంటలు, రెండోదైతే ఎకరం పది గుంటలు. ఒకే అంకెకు రెండున్నర రెట్ల తేడా. ఇక ఈ వరుసలో ఇంకెంతమంది ఏ పద్ధతిలో రాశారో కూడా ఇప్పుడు ఆమెకు తెలియదు. ఆమె ఫారాల జాబితా తీసి, ఏయే ఊళ్లలో ఎవరెవరు రాశారో చూసి, ఆ రైతుల నంబర్లు ఒక కాగితం మీద దింపుకుంటుంది. నంబరు లేని ఇళ్లు నాలుగున్నాయి. వాటికి రేపు పొద్దున బండి మీద వెళ్లాలి.